భద్రంగా పెట్టుకోండి

పురసవాక్కం హైరోడ్డు మీద సాయంత్రం ఆరు దాటితే అడుగు తీసి అడుగు వెయ్యడానికి సందుండదు. బట్టల కొట్లకి వచ్చేవాళ్ళు, నగల కొట్లకి వచ్చేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, గంగాధరేశ్వరుడి గుడికి పోయేవాళ్ళు, అందరికీ అదొక్కటే దారి. ఆ రద్దీ దాటి తానా వీధి దగ్గర సందులోకి తిరిగితే మా మేడ. సాయంత్రాలు అక్కడ ఇంగ్లీషు చెబుతాను. వచ్చేది బడి పిల్లలు కాదు, డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న ఆడపిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలే ఎక్కువ.

వాళ్ళకి కావలసిన ఇంగ్లీషు వేరు. చెన్నైలో మెడికల్ కోడింగ్ అని ఒక పని ఉంది. అమెరికాలో డాక్టరు రాసిన కేసు షీటు ఇక్కడ కూర్చుని చదివి, అందులో ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ ఒక కోడ్ వెయ్యాలి. దాన్నిబట్టే అక్కడ ఇన్సూరెన్సు బిల్లు తయారవుతుంది. బీకాం చదివిన పిల్ల కూడా ఈ పనికి వెళ్ళాలంటే హెరిడిటరీ, కంజెనిటల్, మ్యుటేషన్, రిసెసివ్, రెమిషన్, ప్లాసిబో, క్లినికల్ ట్రయల్ లాంటి మాటలు వందలకొద్దీ నోటికి తెచ్చుకోవాలి. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఒక జాబితా చేతిలో పెట్టి బట్టీ పట్టమంటారు. పిల్లలు పడతారు, పరీక్ష రాస్తారు, నెల తిరక్కుండా మర్చిపోతారు.

నేను జాబితా ఇవ్వను. ఒక మనిషి కథ చెబుతాను. మొదటి పాఠం ఎప్పుడూ ఎల్లాప్రగడ సుబ్బారావుగారిదే. 1895లో భీమవరంలో పుట్టి, మాకు ఇంత దగ్గర్లోనే ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మనిషి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయనకీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత అమెరికా వెళ్ళి, స్ప్రూ రోగులకి పనికొచ్చే ఫోలిక్ ఆసిడ్‌ని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేశారు. దానికి విరుగుడుగా పనిచేసే మందుల్నీ ఆ బృందమే చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ విరుగుడు మందుల్లో ఒకదాన్ని ల్యుకీమియా అనే రక్త కేన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఈ కథ ఒక్కసారి వింటే ఫోలిక్ ఆసిడ్, ఆంటాగనిస్ట్, ల్యుకీమియా, రెమిషన్ అనే నాలుగు మాటలూ పిల్లలకి మళ్ళీ చెప్పక్కర్లేదు.

రెండో పాఠం వంశవృక్షం. జెనెటిక్స్ వాళ్ళు పెడిగ్రీ చార్ట్ అంటారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, పోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. జబ్బున్న మనిషి గుర్తుని నల్లగా నింపాలి. జబ్బు పైకి కనిపించకుండా లోపల మోసేవాళ్ళ గుర్తుని సగం నింపాలి. మొగుడూ పెళ్ళాలని కలిపేది మామూలుగా ఒక గీత. వాళ్ళు ముందునుంచీ రక్తసంబంధీకులైతే రెండు గీతలు. ఎవరింటి చార్టు వాళ్ళే వేసుకురావాలని చెబుతాను. మన తెలుగువాళ్ళ చార్టుల్లో రెండు గీతలు లేనిది అరుదు.

చెట్టిగారి మనవరాలు వేసుకొచ్చిన చార్టు ఇప్పటికీ నా దగ్గరుంది.

చెట్టిగారంటే మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. నెల్లూరు వైపు నుంచి వాళ్ళ తాతగారు వచ్చి కొత్తవాల్ చావడిలో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం పెట్టారట. కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలో ఉన్న ఆ మార్కెట్టులో ఒకప్పుడు తెలుగు కోమట్ల మాటే చెల్లుబాటయ్యేదని పెద్దవాళ్ళు చెబుతారు. చెట్టిగారి కాలానికి పురసవాక్కంలో పచారీ కొట్టు ఉండేది. ఆయనకి తెలుగు చదవడం వచ్చు, తమిళం చదవడం వచ్చు, లెక్కలు నోటితో చేస్తారు. ఇంగ్లీషు మాత్రం అంకెల వరకే.

చార్టులో చెట్టిగారు ఒక చతురస్రం. పక్కన ఆయన భార్య, ఈ పిల్ల అవ్వ అని పిలిచే ఆవిడ, ఒక సున్నా. మధ్యలో రెండు గీతలు, ఎందుకంటే ఆవిడ ఆయన సొంత మేనమామ కూతురు. వాళ్ళ పైతరంలోనూ రెండు గీతలే, ఆ పైతరంలోనూ రెండు గీతలే. చెట్టిగారికి ఇద్దరు పిల్లలు. కొడుకు చతురస్రం మీద అడ్డగీత ఉంది. కూతురు, అంటే ఈ పిల్ల తల్లి, ఆమెకీ ఆమె భర్తకీ మధ్య ఒకే గీత.

"మీ అమ్మానాన్నలది మేనరికం కాదా?" అన్నాను.

"కాదు మిస్. మామయ్య పోయాక తాత ఇంక ఇంట్లో మేనరికం వద్దన్నారంట. దగ్గర సంబంధాలు కలిసిరావడం లేదని. నాన్నవాళ్ళది గుంటూరు. మావాళ్ళే గానీ చుట్టరికం ఏమీ లేదు."

"మరి మామయ్య ఎలా పోయారు?"

చార్టులో కారణం రాయాల్సిన చోట ఆ పిల్ల 'ఆపరేషన్' అని రాసింది. దేనికి ఆపరేషనంటే అపెండిక్స్‌కని చెప్పింది. అంతకు మించి తెలియదంది. ఇంట్లో ఆ మాట ఎత్తితే తాత లేచి వెళ్ళిపోతారట. మిగతా జబ్బుల గురించి అడిగితే, మా ఇంట్లో ఎవరికీ షుగరు కూడా లేదు, రాసుకో అన్నారట.

ఆ వారం మూడో పాఠంలో నేను ఫౌండర్ ఎఫెక్ట్ చెప్పాలి, అంటే కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సముదాయంలో వాళ్ళ జన్యువుల తేడాలే అంతటా పాకడం. ఎప్పుడూ ఫిన్లాండ్ వాళ్ళనీ తూర్పు యూరప్ యూదుల్నీ ఉదాహరణగా చెప్పేదాన్ని. మన ఉదాహరణ ఇంత దగ్గర్లో ఉండగా అంత దూరం ఎందుకని ఆసారి కోమట్ల సంగతే చెప్పాను.

ఎగ్మోర్ మ్యూజియానికి ఒకప్పుడు సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. కోమట్లు మేనరికాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో అందులో ప్రత్యేకించి రాశాడు. పెనుగొండలో వాసవీ కన్యకతోపాటు అగ్నిప్రవేశం చేసిన 102 గోత్రాలవారి సంతతే తామని కోమట్లు, అంటే ఆర్యవైశ్యులు, చెప్పుకుంటారు. అది వాళ్ళ నమ్మకం, వాళ్ళ గౌరవం. సైన్సు వేరే దారిలో వెళ్ళి చూసింది. హైదరాబాదు సీసీఎంబీలోని తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు దక్షిణాసియాలో 260కి పైగా సముదాయాల నుంచి 2,800 మందికి పైగా మనుషుల జన్యువుల్ని పోల్చి, 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక వ్యాసం వేశారు. అందులో 81 సముదాయాలు ఫిన్లాండ్ వాళ్ళకంటే, యూదుల కంటే కూడా చిన్న మూలం నుంచి పెరిగినవని తేలింది. లక్షల జనాభా ఉన్న ఆర్యవైశ్యులు కూడా అలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవాళ్ళే. ఒకే ఇంటి తోడు తెచ్చుకుని ఊరంతా పాలు తోడుపెట్టుకున్నట్టు, ఆ కొద్దిమందిలో ఎవరిలోనో ఉన్న తేడా ఈనాడు ఎక్కడెక్కడి ఇళ్ళలోనో ఉంది.

ఆ తేడాల్లో ఒకదాని గురించి ఆ వ్యాసంలోనే ఉంది. మన రక్తంలో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాత పేరు సూడోకోలినెస్టరేజ్. లివర్ తయారుచేస్తుంది. అది లేకపోయినా మనిషి తింటాడు, తిరుగుతాడు, పిల్లల్ని కంటాడు, నూరేళ్ళు బతుకుతాడు. చిక్కల్లా ఆపరేషన్ బల్ల మీదే. మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం వెయ్యాలంటే ఒంట్లో కండరాలు సడలాలి. దానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మన దేశంలో డాక్టర్లు దాన్ని స్కోలిన్ అనే పిలుస్తారు. అది ఎక్కగానే ఒంట్లో కండరాలన్నీ, ఊపిరి తీసే కండరాలతో సహా, పనిచెయ్యడం మానేస్తాయి. మామూలు మనిషిలో ఆ ఎంజైమ్ మందుని వెంటనే విరిచేస్తుంది. ఐదు, పది నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. ఎంజైమ్ లేని మనిషిలో గంటలు పడుతుంది. అన్ని గంటలూ మిషనో మనిషో ఊపిరి పొయ్యాలి. పోస్తే ఏ హానీ లేకుండా లేచి కూర్చుంటాడు.

ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్ళకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లకి ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీలో బూపతిగారి బృందం, అమెరికాలోని ఒక్సానా లాక్‌రిడ్జ్ తదితరులతో కలిసి 2006లో దాని మూలం పట్టుకుంది. ఆ ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. మొత్తం తేడా అంతే.

ఇదంతా చెబుతుంటే చెట్టిగారి మనవరాలు పెన్ను కింద పెట్టేసింది. క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళినా తను కదల్లేదు.

"మిస్, మా అవ్వ తనకి ఒకసారి ఇలాగే అయిందని చెప్పేది. నేను చిన్నప్పుడు విన్నాను."

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. చెట్టిగారు వరండాలో కుర్చీ వేయించారు. పిల్ల తల్లి కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. అవ్వ పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. పెద్దతనంలో, నిద్రలో, ఇంట్లోనే పోయారు.

"బాబాయిగారూ, పిన్నిగారికి ఎప్పుడో ఆపరేషన్ అయినప్పుడు కష్టమైందట గదా?" అన్నాను.

"అయింది టీచరమ్మా. గర్భసంచి తీశారు. 1980లలో మాట. మధ్యాహ్నం లోపలికి తీసుకుపోయారు, చీకటిపడ్డా బయటికి తేలేదు. ఆపరేషన్ బాగానే అయింది, ఊపిరే రావడం లేదన్నారు. ఒక కుర్ర డాక్టరు, తమిళబ్బాయి, తలకాయ దగ్గర కూర్చుని రబ్బరు సంచీ నొక్కుతూనే ఉన్నాడంట. చెయ్యి నొప్పెడితే ఇంకో చెయ్యి. తెల్లవారుజామున ఊపిరొచ్చింది. ఆ అబ్బాయి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆపేశాడు."

కాసేపాగి ఇంకో సంగతి చెప్పారు. "మా ఆవిడ చివరిదాకా ఒకటే చెప్పేది. సగం రాత్రి నుంచి నాకు మెలకువగానే ఉందండీ, అన్నీ వినపడుతున్నాయి, 'అమ్మా, ఊపిరి తీసుకో, తీసుకోమ్మా' అంటున్నాడు ఆ పిల్లోడు, తీసుకోవాలనే ఉంది, రెప్ప కూడా కదల్లేదు అని. మేమెవరం నమ్మలేదు. మత్తులో కలవరించావులే అనేవాళ్ళం."

అది కలవరింత కాదు. స్కోలిన్ తెలివిని తియ్యదు, కదలికనే తీస్తుంది. మత్తు ముందుగా దిగిపోతే మనిషికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఈ సంగతి ఆవిడ బతికుండగా ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి గురించి తను చెప్పింది నిజమేనన్న నమ్మకంతో పోయేది.

"ఆ డాక్టరు ఏమైనా కాగితం ఇచ్చాడా బాబాయిగారూ?"

"ఇచ్చాడు. ఉంది."

లోపలికి వెళ్ళి ఇనప్పెట్టె తెరిచారు. ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు వేసిన కాగితం. మడతల దగ్గర చిరక్కుండా వెనక నుంచి పల్చని గుడ్డ అంటించి ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన కాగితం అంత శుభ్రంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. మనవరాలి చేతికిచ్చారు.

డాక్టరు చేతిరాత. అయినా పిల్ల తడుముకోలేదు. ఇంగ్లీషులో ఒక్కొక్క లైనే చదువుతూ, వెంటనే తెలుగులో తాతకి చెప్పుకుంటూ పోయింది. స్కోలిన్ ఇచ్చాక రోగికి చాలా గంటలు ఊపిరి ఆగింది. సూడోకోలినెస్టరేజ్ లోపమని అనుమానం. ఈమెకి మళ్ళీ స్కోలిన్ ఇవ్వకూడదు. ఇది వంశంలో వచ్చే లోపం కావచ్చు, రక్తసంబంధీకులందరికీ పరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరికి ఏ ఆపరేషన్ చెయ్యాల్సొచ్చినా ముందుగా ఈ కాగితం మత్తు డాక్టరుకి చూపించాలి. ఈ చివరి లైను కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

చదవడం అయ్యేసరికి పిల్ల తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టి గోడ పట్టుకుంది. తమ్ముడి అపెండిక్స్ ఆపరేషన్ నాటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకి మారింది. ఆ మరుసటేడాది జరిగింది ఆ ఆపరేషన్. చిన్న నర్సింగ్ హోమ్. ఆపరేషన్ అయింది, ఊపిరి అందడం లేదు అన్నారు, వేరే ఆసుపత్రికి తీసుకుపోవాలన్నారు. వ్యాను దిగేలోపే అయిపోయింది. ఆ రోజు ఏ మందు ఇచ్చారో చెప్పే కాగితం ఒక్కటీ ఇప్పుడు లేదు, ఆ నర్సింగ్ హోమూ లేదు. కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ ఏమీ చెప్పమనీ అడగలేదు. చెట్టిగారు కాగితం తీసుకుని, అవే మడతలు వేసి, లోపలికి వెళ్ళిపోయారు.

తల్లీ కూతుళ్ళిద్దరూ తర్వాతి వారమే రక్తపరీక్ష చేయించుకున్నారు. పెద్ద తతంగం ఏమీ లేదు. చేతి నుంచి ఒక గొట్టం రక్తం తీసి సీరం కోలినెస్టరేజ్ చూస్తారు. తల్లికి మామూలుకంటే తక్కువ ఉంది. పిల్లకి దాదాపు లేదు.

నాకు ముందు అర్థం కాలేదు. తల్లిదండ్రులది ఒకే గీత కదా, మేనరికం కాదు కదా అనుకున్నాను. తర్వాత తట్టింది. ఇది రిసెసివ్. ఇద్దరి దగ్గర్నుంచీ రావాలి. తల్లి వైపు నుంచి ఒకటి వచ్చింది. గుంటూరు తండ్రికి వీళ్ళతో ఏ చుట్టరికమూ లేకపోయినా, ఎన్ని తరాల కిందటో ఉన్న ఆ కొద్దిమంది పూర్వీకులు ఇద్దరికీ ఒకరే. మేనరికం మానేస్తే చాలని చెట్టిగారు తీసుకున్న నిర్ణయం మంచిదే. చాలా జబ్బులకి అడ్డుపడుతుంది కూడా. దీనికి మాత్రం చాలలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏ కులానికీ చిన్నతనం లేదు. ప్రతి సముదాయంలోనూ ఏదో ఒకటి ఉంటుంది. వీళ్ళది బయటపడింది, అది వీళ్ళ అదృష్టం కూడా. తెలిసినవాళ్ళకి ఇది జబ్బే కాదు. ముఖ్యంగా స్కోలిన్, మివాక్యూరియం అనే రెండు మందులు వాడకుండా చూసుకోవాలి. రోక్యురోనియంలాంటి వేరే మందులున్నాయి, వాటికి ఈ ఎంజైమ్‌తో పని లేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. బ్యాగులో ఒక కార్డు పెట్టుకుంటుంది, ఇంగ్లీషులో, తమిళంలో, తెలుగులో. ఫోను లాక్ స్క్రీన్ మీద కూడా అదే రాసుకుంది. గుంటూరు బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పింది. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని కొందరు కోప్పడ్డారట. వాళ్ళకి మళ్ళీ చేసి చెప్పింది. నాకు ఆ పిల్ల మీద ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు.

పరీక్ష ఫలితం వచ్చిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం చెట్టిగారు మా మెట్లెక్కి వచ్చారు. ఆయన మా మేడ మీదికి రావడం అదే మొదలు. క్లాసు జరుగుతోంది. పిల్లల్ని పంపేసి కుర్చీ వేశాను.

"టీచరమ్మా, ఒక్క సంగతి మా అమ్మాయికీ చెప్పలేదు, మనవరాలికీ చెప్పలేదు. మీకు చెబుతాను," అన్నారు.

"చెప్పండి బాబాయిగారూ."

"ఆ కుర్ర డాక్టరు కాగితం ఇస్తూ తమిళంలో రెండే మాటలు చెప్పాడు. ఇది భద్రంగా పెట్టుకోండి, ఆసుపత్రికి ఎప్పుడెళ్ళినా వెంట తీసుకెళ్ళండి అని. పాపం, రాత్రంతా నిద్రలేదు. చూపించమని కూడా చెప్పే ఉంటాడు, నాకు వినపడలేదో, వాడే మర్చిపోయాడో. మా ఆవిడని కాపాడినవాడి మాట కాబట్టి నేను జవదాటలేదు. భద్రంగానే పెట్టాను. వెంట తీసుకునే వెళ్ళాను."

నాకు ఏం చెప్పబోతున్నారో తెలిసింది. ఆపాలనుకున్నాను, ఆపలేకపోయాను.

"అబ్బాయిని లోపలికి తీసుకుపోయేముందు మత్తు డాక్టరు బయటికొచ్చి, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోవడంలాంటిది ఏమైనా ఉందా అని అడిగాడు. లేదండీ, మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదని చెప్పాను. చెప్పేటప్పుడు ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది."

ఇది చదువుతున్నవాళ్ళు ఏ కులంవాళ్ళయినా సరే, మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రాక గంటలకొద్దీ ఇబ్బంది పడ్డారని ఎప్పుడైనా వింటే, ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. ఎవరికి ఏ చిన్న ఆపరేషన్ అన్నా, అడిగినా అడక్కపోయినా, మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. బీరువాలో, ఇనప్పెట్టెలో, దేవుడి గూట్లో పెద్దవాళ్ళు దాచిన ఇంగ్లీషు ఆసుపత్రి కాగితం ఏదైనా ఉంటే, చదవడం వచ్చిన పిల్లని కూర్చోబెట్టి ఈ రాత్రే చదివించుకోండి.